‘అబట్’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

క్రైస్తవ మఠాధిపతిని ఇంగ్లీషులో పిలిచే ‘అబట్’ అనే మాటకు మూలం పశ్చిమాసియా ప్రాచీన భాష అరమాయిక్‌లోని ‘అబ్బా’, అంటే నాన్న. మఠంలో గురువు శిష్యులకు తండ్రితో సమానం కాబట్టి ఆ పిలుపే క్రమంగా పదవి పేరయింది. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారుల్లోని సన్యాసులు తమ పెద్దలను ఇలాగే పిలిచేవారు.

గ్రీకు మీదుగా లాటిన్‌కు చేరి ‘అబ్బాస్’ అయింది. మరి చివరి ‘ట’ ఎక్కడిది? లాటిన్‌లో ద్వితీయా విభక్తి రూపం ‘అబ్బాతెమ్’. అందులోని తకారమే ఇటాలియన్ ‘అబాతే’లో నిలిచింది, స్పానిష్ ‘అబాద్’లో దకారమైంది, ఫ్రెంచి ‘అబే’లో పూర్తిగా అరిగిపోయింది.

తెలుగులో తండ్రిని చెప్పే ‘అబ్బ’కూ దీనికీ చుట్టరికం ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. అరమాయిక్ సెమిటిక్ భాష, అంటే హీబ్రూ, అరబ్బీల కుటుంబానిది; తెలుగు ద్రావిడ భాష. పసిపిల్లలకు పెదవులతో పలికే అక్షరాలు తేలిక, అందుకే ఈ పోలిక.