80 అడుగుల నేల: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రాత్రి ఒకసారి చదివాను. తెల్లవారాక పెన్సిలు చేతబట్టుకుని మరోసారి చదివాను. వారమంతా వర్జీనియాలో ఉద్యోగం చేసి, సెలవు దొరికిన రోజున మాంటిచెల్లో కొండెక్కి, అక్కడి థామస్ జెఫర్సన్ అనే ఒకప్పటి అమెరికా అధ్యక్షుడి ఇంటివాళ్ళ సమాధుల మీద తెలుగులో రాయాలని నీకు అనిపించింది చూడు, దానికే సగం మార్కులు వేశాను. ఈ ఉత్తరం మిగిలిన సగం గురించి. నొప్పించే మాటలు కొన్ని ఉంటాయి. పనికిరాని రాతకు నేను ఇంత పొడుగు జవాబు రాయనని గుర్తుపెట్టుకుని చదువు.

నీ వ్యాసం ఇనుప గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే ఆగిపోయింది. కమ్మీల సందుల్లోంచి కనిపించే జెఫర్సన్ సమాధి రాతి స్తంభం గురించి రాశావు. దాని మీద చెక్కిన మూడు సంగతులు రాశావు: అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రచయిత, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం రచయిత, వర్జీనియా విశ్వవిద్యాలయ పితామహుడు. ఎనిమిదేళ్ళు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న సంగతి ఆ రాతి మీద లేదన్నావు. 1826 జులై 4న, ఆ ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్ళు నిండిన రోజున ఆయన కన్నుమూశాడన్నావు. అన్నీ నిజాలే. అయితే ఆ కొండ దిగివచ్చిన ప్రతివాళ్ళూ చెప్పే నిజాలు. నువ్వు మాత్రమే చూసింది ఏమిటో నాకు కనబడలేదు.

'అధ్యక్ష పదవిని కూడా చెక్కించుకోని వినయం' అని ఒక మాట రాశావు. దాన్ని కొట్టేశాను. ఆయన మనసులో వినయం ఉందో లేదో నీకు గానీ నాకు గానీ చెప్పే ఆధారం ఆ రాతి మీద లేదు. కానీ సమాధి ఎలా ఉండాలో ఆయన రాసిపెట్టిన కాగితం ఉంది. ముతక రాయితో కట్టమన్నాడు. మంచి రాయి అయితే దాని విలువ కోసం ఎవరైనా పగలగొడతారేమోనని ఆయన భయం. అలాగే ముతక రాయితోనే కట్టారు. అయినా చూడవచ్చినవాళ్ళు జ్ఞాపకానికని ముక్కలు చెక్కుకుపోయారు. చివరికి 1882లో అమెరికా కాంగ్రెసు డబ్బు మంజూరు చేస్తే, మొదటిదానికంటే పెద్ద స్తంభం కొత్తది వచ్చింది. పాతది 1883లో మిస్సోరి విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయింది. అంటే నువ్వు ఫోటో తీసుకున్నది ఆయన అడిగిన రాయి కాదు! ఈ సంగతి వ్యాసంలో ఉంటే వినయం అన్న మాటతో నీకు పనే పడదు. విశేషణం కలం చివరికి వచ్చినప్పుడల్లా కాస్త ఆగు. దాని చోట పెట్టగలిగిన సంగతి ఏదైనా ఉందేమో వెతుకు. దొరక్కపోతే ఆ వాక్యమే అక్కర్లేదేమో ఆలోచించు.

నేనైతే జెఫర్సన్‌తో మొదలుపెట్టను. ఆ నేలలో మొదట చేరినవాడు డాబ్నీ కార్. జెఫర్సన్‌కు చిన్ననాటి స్నేహితుడు, ఆయన చెల్లెలు మార్తాను పెళ్ళాడి ఆ ఇంటి అల్లుడయ్యాడు. 1773 మార్చిలో వర్జీనియా శాసనసభలో, అమెరికాలోని బ్రిటిష్ వలసరాజ్యాలన్నీ ఒకదానితో ఒకటి ఉత్తరాల ద్వారా సంప్రదించుకోవడానికి ఒక సంఘం కావాలని తీర్మానం పెట్టినవాడు అతనే. మే నెల 16న పోయాడు. 29 ఏళ్ళు. ఆరుగురు పిల్లలు. కుర్రతనంలో ఇద్దరూ ఆ కొండ మీది ఓక్ చెట్టు కింద చదువుకునేవారట. ఎవరు ముందు పోతే వాళ్ళను మిగిలినవాడు ఆ చెట్టు కిందే పూడ్చాలని మాట ఇచ్చుకున్నారట. ఇది ఆ కుటుంబం చెప్పుకునే కథ. ముందు వేరేచోట పూడ్చిన కార్‌ను జెఫర్సన్ ఆ మాట ప్రకారం కొండ మీదికి తెప్పించాడు.

ఈ ఓక్ చెట్టు మీద నువ్వు రెండు పేరాలు రాశావు. నీడ గురించి, గాలి గురించి, ఆకుల గలగల గురించి. బాగానే రాశావు. కానీ కార్ చనిపోయిన ఆ మే నెలలోనే జెఫర్సన్ తన నోటు పుస్తకంలో రాసుకున్న మాట ఒకటుంది. దాన్ని నువ్వు చూడలేదు. ఇద్దరు మనుషులు సమాధుల కోసం 80 అడుగుల చదరం, అంటే ఎకరంలో ఏడో వంతు నేల, మూడున్నర గంటల్లో వేళ్ళు పెకలించి శుభ్రం చేశారట. ఒక్కడే చేస్తే 7 గంటలు పట్టేది. ఆ లెక్కన ఎకరానికి 49 గంటలు, అంటే 4 రోజుల పని.

ఈ పద్దు మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ప్రాణస్నేహితుడి కోసం నేల సిద్ధమవుతోంది. ఆయన ఎకరానికి ఎన్ని గంటలో లెక్క వేస్తున్నాడు. దీన్ని రాతిగుండె అనేవాళ్ళున్నారు. నేను అనను. మా అమ్మ పోయిన రోజున మా పెద్దన్నయ్య వాకిట్లో వేసిన కుర్చీలను మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆ వేళ అతని చేతికి ఇంకేమీ దొరకలేదు. దుఃఖంలో ఉన్నవాడి పనిని ఉన్నది ఉన్నట్టు రాయి. తీర్పు చెప్పే తొందర వద్దు.

కానీ అమ్మాయీ, ఆ పద్దులో ఇంకో ఇద్దరున్నారు. వేళ్ళు పెకలించినవాళ్ళు. వాళ్ళ పేర్లు లేవు. మనం నాట్లకో కోతలకో కూలీలను పిలిచేటప్పుడు 'పదిమంది మనుషులు కావాలి' అంటాం. ఆయన వాడిన ఇంగ్లీషు మాటకు అర్థం చేతులు. రెండు చేతులు అంటే ఇద్దరు మనుషులన్న లెక్క. ఆ కొండ మీద పలుగూ పారా పట్టినవాళ్ళు ఎక్కువగా ఆయన బానిసలే. నీ వ్యాసానికి మొదటి వాక్యం ఇక్కడుందని నా నమ్మకం.

అంతకు రెండేళ్ళ ముందు, 1771లో, అదే మనిషి సమాధుల స్థలం ఎలా ఉండాలో కలలు కంటూ రాసుకున్నాడు. మనుషుల రాకపోకలు లేని లోయ, వాగు చప్పుడు తప్ప వేరే సడి ఉండకూడదు, పాత ఓక్ చెట్లు, నల్లటి నీడ పరిచే చెట్లు. అందులో సగం నా కుటుంబానికి, మిగతా సగం పరాయివాళ్ళకూ సర్వెంట్లకూ అన్నాడు. నమ్మకంగా మసలిన సర్వెంటు సమాధి మీద గరుకు రాళ్ళతో పిరమిడ్ కట్టవచ్చునన్నాడు. 1771 నాటి ఈ మాటనూ 1773 నాటి పద్దునూ పక్కపక్కన పెట్టి చూడు. సగం సగం అన్న మాట కాగితం మీదే ఉండిపోయింది. ఇనుప కంచె లోపల ఉన్నది ఒక్క సగమే.

సర్వెంట్లు అన్నచోట నువ్వు 'సేవకులు' అని రాశావు. నిఘంటువు ప్రకారం తప్పు కాదు. కానీ వర్జీనియా దొరలు బానిసలను ఆ మాటతోనే పిలిచేవారు. తెలుగులో సేవ అనగానే మనకు గుడి గుర్తొస్తుంది, రాముడి పాదాల దగ్గర హనుమంతుడు గుర్తొస్తాడు. ఇష్టపడి చేసిన కొలువు అనిపిస్తుంది. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను సొంత ఆస్తిగా ఉంచుకున్నాడు. వాళ్ళకు ఆ మెత్తటి మాట వద్దు. బానిస అని రాయి. ఇంకో మాట కూడా మార్చు. 'పార్థివదేహాన్ని ఖననం చేశారు' అని ఏడుసార్లు రాశావు. పత్రికలు చదివి చదివి మనందరికీ పట్టుకున్న అలవాటు అది. ఇంట్లో మనిషి పోతే నువ్వు అలా అంటావా? పూడ్చారు అని రాయి. ఆ మాటలో మట్టి ఉంది.

మరి రెండో సగం మనుషులను ఎక్కడ పూడ్చారు? కొండ దిగి రా. నువ్వు కారు నిలిపిన చోటికి రా. ఆ పార్కింగు స్థలం పక్కనే చెట్ల మధ్య ఒక చోటుంది. 2001 నాటికి పురావస్తు పరిశోధకులు అది బానిసల శ్మశానమని నిర్ధారించారు. కనీసం 40 సమాధులున్నాయి. పేరు చెక్కిన రాయి లేదు. నీ వ్యాసంలో ఈ చోటు ఒక్క వాక్యంలోనూ లేదు. పైకి వెళ్ళేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ దాని పక్కనే నడిచి ఉంటావు.

ఇది నీ ఒక్కదాని తప్పని అనుకోకు. మా ఊళ్ళో మామిడితోట మూలన మా పెద్దల సమాధులు నాలుగున్నాయి. సంక్రాంతికి ముందు సున్నం కొడతారు, పెద్దలకు పెట్టుకునే రోజున అక్కడ ఆకు వేసి వడ్డిస్తారు. గట్టు అవతల తుమ్మచెట్టు కింద ఒక రాళ్ళ కుప్ప ఉండేది. మా నాయనమ్మ అక్కడ కూడా ఒక గారె పెట్టి వచ్చేది. ఎవరిదని అడిగితే 'మన పాలేరుది నాయనా' అంది. నేను పాతికేళ్ళ వయసులో మా తాత మీద రాసిన వ్యాసంలో నాలుగు సమాధులూ ఉన్నాయి. రాళ్ళ కుప్ప లేదు. యాభై దాటాక ఆ మనిషి పేరు కావాలనిపించి తాత పద్దు పుస్తకాలు దులిపి చూశాను. ఏటేటా 'పాలేరుకు వడ్లు' అని ఉంది, ఎన్ని బస్తాలో ఉంది. పేరు ఒక్కచోట కూడా లేదు. అప్పటికి నాయనమ్మ పోయి ముప్పై ఏళ్ళు. ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది.

నాకు దొరకలేదు. నీకు దొరుకుతాయి. జెఫర్సన్ సేద్యపు పుస్తకంలో ఎవరికి ఎన్ని గజాల బట్ట ఇచ్చాడో, ఎవరికి దుప్పటి ఇచ్చాడో, ఏ తల్లికి ఏ బిడ్డ ఏ సంవత్సరం పుట్టాడో పేర్లతో సహా ఉంది. దాన్ని నవల చదివినట్టు కూర్చుని చదువు. మాంటిచెల్లోను చూసుకునే సంస్థ 1993 నుంచి ఆ కుటుంబాల వారసుల జ్ఞాపకాలను సేకరిస్తోంది. అవీ చూడు. జెఫర్సన్ బానిసల్లో ఒకరైన శాలీ హెమింగ్స్ కొడుకు మాడిసన్ 1873లో ఒహాయోలోని ఒక పత్రికకు తన జీవితకథ చెప్పాడు. చిన్నదే, ఒక్క పూటలో అయిపోతుంది.

జెఫర్సన్ అంత్యక్రియల గురించి నువ్వు ఒక పేరా రాశావు. అందులో శవపేటిక ఉంది, దాన్ని చేసినవాడు లేడు. జాన్ హెమింగ్స్ అనే బానిస వడ్రంగి చేశాడు దాన్ని. గొయ్యి ఉంది, తవ్వినవాడు లేడు. తోటమాలి వార్మ్లీ హ్యూస్ తవ్వాడు. జెఫర్సన్ పోయేనాటికి లక్ష డాలర్లు దాటిన అప్పు ఉంది. 1827 జనవరిలో ఆ కొండ మీద వేలం వేశారు. 130 మందిని అమ్ముతామని ప్రకటన ఇచ్చారు. వార్మ్లీ భార్య అర్సులా, పిల్లలు ఆ వేలంలో ఉన్నారు. జులైలో యజమానికి గొయ్యి తవ్వాడు, జనవరిలో పెళ్ళాం పిల్లలను వేలంలో చూశాడు. ఈ రెండు వాక్యాల మధ్య నువ్వు ఏమీ రాయకు. 'అయ్యో' అని కూడా రాయకు. చదివేవాళ్ళే అనుకుంటారు.

ఊహ విషయంలో ఒక హద్దు పెట్టుకోవాలి. ఆ 40 సమాధుల్లో ఫలానాది ఫలానావారిదని చెప్పే ఆధారం లేదు. పేర్లు పుస్తకంలో ఉన్నాయి, గుంతలు నేలలో ఉన్నాయి. కథ కోసం వాటిని జత చెయ్యాలని నీకు చెయ్యి పీకుతుంది. చెయ్యకు. శాలీ హెమింగ్స్ 1835లో షార్లెట్స్‌విల్‌లో పోయింది. ఆమె సమాధి ఎక్కడుందో తెలియదని రాస్తే, ఆ వాక్యానికి ఉండే బరువు ఏ కల్పనకూ రాదు.

కంచె లోపలి నేల ఇప్పటికీ ఆ కుటుంబానిదే. 1831లో ఇల్లూ పొలమూ అమ్ముకున్నప్పుడు కూడా సమాధుల స్థలాన్ని వదులుకోలేదు. 1913లో వారసులు ఒక సంఘం పెట్టుకున్నారు. సభ్యులను నేటికీ అక్కడ పూడుస్తారు. 1998లో డీఎన్ఏ పరీక్ష వచ్చింది. శాలీ పిల్లలకు తండ్రి జెఫర్సనే అయ్యే అవకాశం చాలా ఉందని 2000లో మాంటిచెల్లో సంస్థ తేల్చింది. 2002లో శాలీ వారసులను సంఘంలో చేర్చుకోవాలా అని ఓటింగు పెడితే, 74 మంది వద్దన్నారు, 6గురు కావాలన్నారు. నువ్వు ఈ భాగాన్ని 'వివాదం' అని ఒక్క మాటలో దాటేశావు. వివాదం అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎవరి పక్కన ఎవరిని పూడ్చవచ్చు అన్నది అక్కడి ప్రశ్న. మన ఊళ్ళలో ఏ కులానికి ఏ శ్మశానమో ఎరిగిన తెలుగు పాఠకుడికి ఆ 74నీ, ఆ 6నీ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

జెఫర్సన్ భార్య మార్తా సమాధి గురించి నువ్వు రాసిన పేరా మాత్రం ముట్టుకోకు. 1782లో, 33 ఏళ్ళకే పోయిన ఆమె రాతి మీద జెఫర్సన్ గ్రీకు పద్యపాదాలు చెక్కించడం, వాళ్ళిద్దరి మధ్య నడిచిన ఉత్తరాల్లో ఒక్కటీ మిగలకపోవడం, ఈ రెంటినీ పక్కన పెట్టి నువ్వు మౌనంగా తప్పుకున్నావు. వ్యాసం మొత్తం ఆ చేతితో రాయగలవు.

మళ్ళీ వెళ్ళు. ఈసారి ఇంటికీ స్తంభానికీ పోకుండా ముందు కింది చెట్ల దగ్గరే ఉండు. గేట్లు తెరవగానే వెళ్తే మంచిది. నేల కుంగిన చోట్లు మిట్టమధ్యాహ్నం కంటికి ఆనవు, పొద్దుటి ఏటవాలు ఎండలో నీడలు పడి తెలుస్తాయి. ఫోను సంచిలో పెట్టు. ఒక్కొక్కటే అడుగులతో కొలువు, కొలిచింది కాగితం మీద రాసుకో. తర్వాత కొండెక్కి, ఆ 80 అడుగుల నేలను కంచె చుట్టూ నడిచి చూడు. ఉగాదికి ముందు కొత్త ప్రతి పంపగలిగితే, నేను ఊరు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్తాను. మా తోట మూలన కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు