చేతక్‌కు రంగు ఆఖరున వేయండి, ముందు ఆయిల్ సీళ్లు చూడండి

‘మా నాయన నడిపిన 1986 మోడల్ బజాజ్ చేతక్ చిత్తూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పదేళ్లుగా పడి ఉంది. కిక్ కొడితే కిందికి దిగడం లేదు. ఇంట్లో నేనే బాగుచేసుకోగలనా? ముందు టింకరింగ్, పెయింటింగ్‌కు ఇచ్చేయమంటారా?’ అని అడిగారు.

చేసుకోగలరు. బోరింగు (అరిగిన సిలిండర్ రంధ్రాన్ని కొంచెం పెద్దది చేయడం), క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) పని, వెల్డింగు, ఈ మూడూ బయట చేయించాల్సిందే. మిగతాదంతా నాలుగు స్పానర్లు, ఒక మ్యాగ్నెట్ పుల్లర్ (ఇంజిన్ పక్కన తిరిగే అయస్కాంత చక్రాన్ని ఊడదీసే పనిముట్టు), బోలెడు ఓపిక ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. పెయింట్ మాత్రం ముందు వద్దు. నేను ముందు వేయించి అనవసరంగా వేలల్లో ఖర్చు పెట్టుకున్నాను. ఆ సంగతి వివరంగా రాస్తాను.

మాది తిరుపతి. మా నాయన 1983లో కొన్న చేతక్ మా ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. అలా వచ్చిన బండి కాబట్టి ఆయన దాన్ని మనిషిలాగే చూసుకున్నాడు. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతిని ముంచెత్తిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో నీళ్లు మోకాళ్లు దాటాయి. బండి ఇంజిన్ దాకా మునిగి రెండు రోజులు అలాగే ఉంది. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కునే హడావిడిలో బండి సంగతి నెలకు పైగా ఎవరికీ పట్టలేదు. ఆ నెలలోనే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేసింది.

మీ బండిదీ అదే జబ్బు అనుకుంటున్నాను. కిక్ దిగడం లేదని మనిషి బరువంతా వేసి తొక్కకండి. పిస్టన్ కదలదు, లోపల కిక్ గేరు పళ్లు ఊడతాయి. స్పార్క్ ప్లగ్గు తీసేసి, డీజిలూ 2టీ ఆయిలూ (చేతక్ లాంటి టూ స్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపే నూనె) సగం సగం కలిపి ఒక చిన్న టీ గ్లాసుడు ఆ రంధ్రంలో పోయండి. ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు బండిని స్టాండ్ మీద పెట్టి నాలుగో గేరు వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. మొదటి గేరులో ఎంత ఊపినా లాభం లేదు, నాలుగో గేరులో అయితే మన బలం క్రాంక్ మీద బాగా పడుతుంది. రోజూ సాయంత్రం కాసేపు ఇదే పని.

మా బండికి ఆరు రోజులు పట్టింది. ఆరో రోజు చక్రం బొటనవేలి వెడల్పంత జరిగింది, లోపల ‘టక్’ మని చిన్న శబ్దం. ఇంకొంచెం ఊపితే ప్లగ్గు రంధ్రంలోంచి కాఫీ డికాక్షన్ రంగులో నూనె పైకి ఉబికి వచ్చి సిలిండర్ రెక్కల మీదుగా కారింది. మా నాయన కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. ‘కదిలింది’ అని ఒక్కమాట అని లోపలికెళ్లి అమ్మను పిలుచుకొచ్చాడు.

ఆ సంతోషంలో తప్పటడుగు వేశాను. హెడ్డు, సిలిండర్ విప్పి లేత్ షాపులో 0.25 ఎంఎం ఓవర్‌సైజుకు బోరు కొట్టించాను. కొత్త పిస్టన్, రింగులు వేశాను. క్రాంక్ ఉండే పెట్టె, అంటే క్రాంక్ కేసు విప్పలేదు. విప్పాలంటే భయం, దానికి తోడు చేత్తో తిప్పితే బాగానే తిరుగుతోంది కదా అనిపించింది. బాడీని పెయింటింగ్‌కు ఇచ్చేశాను. అది 2022 అక్టోబరు నెలాఖరు. మన వైపు ఈశాన్య రుతుపవనాలు అప్పుడే మొదలవుతాయి. గాలిలో తేమకు పెయింట్ ఆరేటప్పుడు పైన తెల్లగా పాలపొర కట్టింది. మళ్లీ రుద్ది మళ్లీ కొట్టాల్సి వచ్చింది. మీరు చిత్తూరులో ఉన్నా ఇదే వాతావరణం, కాబట్టి ఆ పని సంక్రాంతి తర్వాతే పెట్టుకోండి.

బండి బిగించాక చూడటానికి కొత్త బండే. లేత నీలం రంగు, మెరిసే మడ్‌గార్డు. ఒక్క కిక్కుకు స్టార్ట్ అయింది కానీ, ఇంజిన్ వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా అరుపు తగ్గదు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌దే తప్పు అన్నారు ఒకరు. జెట్లు కడిగాను, స్లైడు మార్చాను, కొత్త కార్బురేటరే కొన్నాను. ఎక్కడి గొంగళి అక్కడే. ఆ స్థితిలోనే ఒక ఆదివారం చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కించాను. సగం ఎక్కేసరికి ఇంజిన్ గొంతు మారింది, సన్నగా గీపెట్టినట్టు. మరుక్షణం వెనక చక్రం పట్టేసి బండి జారింది. చేయి క్లచ్ మీదే ఉండబట్టి వెంటనే నొక్కి పక్కకు ఆపగలిగాను. ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కొత్తగా బిగించిన టూ స్ట్రోక్ నడుపుతున్నప్పుడు రెండు వేళ్లు క్లచ్ మీద ఉండాలి, ముఖ్యంగా ఘాట్‌లో.

బండిని టెంపోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. కొర్లగుంటలో చేతక్‌ల మీదే జీవితమంతా పనిచేసిన ఒక పెద్దాయన ఉన్నారని ఎవరో చెబితే వెళ్లి బతిమాలి పిలుచుకొచ్చాను. చల్లారిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అయింది. ఆయన ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ మూతిని అరచేత్తో గట్టిగా మూశారు. గాలి అందక ఇంజిన్ టక్కున ఆగిపోవాలి. ఆగలేదు. కాసేపు అరిచి అరిచి ఆగింది.

‘అబ్బోడా, నువ్వు ముక్కు మూసినా అది ఇంకో దావన ఊపిరి పీల్చుకుంటా ఉంది. సీలు పోయింది’ అన్నారు.

మ్యాగ్నెట్ విప్పి, కాయిల్ ప్లేటు తీసి చూపించారు. ప్లేటు వెనక నల్లటి నూనె తడి, దాని మధ్యలో క్రాంక్ చుట్టూ గాలి, నూనె దాటకుండా ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీలు. మెత్తగా ఉండాల్సిన రబ్బరు పెదవి గోటితో నొక్కితే పెళుసుగా చిట్లింది.

ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. ఫోర్ స్ట్రోక్ బండిలో క్రాంక్ కేసు అంటే ఇంజిన్ ఆయిల్ ఉండే తొట్టి. మన చేతక్‌లో అది ఒక పంపు. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కార్బురేటర్ నుంచి పెట్రోలు గాలి మిశ్రమాన్ని కిందికి లాగుతుంది, కిందికి వచ్చినప్పుడు ఆ మిశ్రమాన్నే సిలిండర్‌లోకి తోస్తుంది. పంపుకు ఎక్కడా చిల్లు ఉండకూడదు కదా. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే అటు నుంచి వట్టి గాలి లోపలికి వస్తుంది. పెట్రోలు పాలు తగ్గి మంట వేడెక్కుతుంది, ఇంజిన్ అరుస్తుంది, చివరికి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు ఎంతదూరం నడిపినా తెల్లటి పొగ ఆగదు, గేర్ ఆయిల్ మట్టం పడిపోతూ ఉంటుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండిలో ఈ రెండు సీళ్లూ ఎండిపోయి ఉంటాయనే అనుకోవాలి. మీ బండిలో పిస్టన్ కదిలినా కదలకపోయినా ఇవి రెండూ మార్చాల్సిందే.

ఇంజిన్ మళ్లీ దించాం, కొత్త పెయింట్ మీద రెండు చోట్ల గీతలు పడ్డాయి. క్రాంక్ కేసు తెరిస్తే వరద నీళ్ల గుర్తులు బేరింగుల మీద అలాగే ఉన్నాయి, గోళీల దారి అంతా తుప్పు చుక్కలు. ఈ ఇంజిన్‌లో క్రాంక్‌కు చమురు అందేది పెట్రోలులో కలిపిన 2టీ ఆయిల్ వల్లే. అందుకే ఆగిపోయిన బండిలో దానికి ఏ రక్షణా ఉండదు. కొత్త బేరింగును కవరులో చుట్టి రాత్రంతా మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాం. ఉదయం కేసును స్టవ్ మీద సమంగా వేడి చేసి, పెద్దాయన బేరింగును రెండు వేళ్లతో పట్టుకుని గూట్లో వదిలారు. సుత్తి దెబ్బ లేకుండా దానంతటదే కూర్చుంది. వేడికి కేసు వ్యాకోచిస్తుంది, చలికి బేరింగు కొంచెం ముడుచుకుంటుంది, అంతే కిటుకు. గీతలు పడ్డ బోరును 0.50కి తీయించాం.

పిస్టన్ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. పిన్నుకు అటూ ఇటూ పట్టే సర్‌క్లిప్పులు స్ప్రింగులా ఎగురుతాయి. క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి ఆ తర్వాతే వాటి మీద చేయి వేయండి. పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపుకు ఉండాలి. పాత సర్‌క్లిప్పులు మళ్లీ వాడొద్దు.

చక్రాల విషయంలో ఇంకా పెద్ద జాగ్రత్త కావాలి. చేతక్ రిమ్ము రెండు ముక్కలు. చక్రాన్ని డ్రమ్ముకు పట్టే నట్లు వేరు, రిమ్ము ముక్కల్ని కలిపే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా రెండో రకం విప్పితే రిమ్ము బాంబులా విడిపోతుంది. ముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వండి. బ్రేకు డ్రమ్ముల్లోని దుమ్మును నోటితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది. తడిగుడ్డతో తుడవండి.

ట్యాంకులో తుప్పుకు నేను నిమ్మ ఉప్పు వాడాను. గోరువెచ్చని నీళ్లలో కలిపి, గుప్పెడు చిన్న నట్లు వేసి, ట్యాంకు నింపి ఒక రోజు ఉంచి మధ్యమధ్యలో ఊపాను. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, వెంటనే 2టీ కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తడిసేలా తిప్పాలి. ఆలస్యమైతే గంటల్లోనే మళ్లీ తుప్పు పొర వస్తుంది. పెట్రోలు పైపు, ట్యాపు వాషర్లు కొత్తవి వేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్ తేమనూ పీల్చుకుంటుంది. వారం కన్నా ఎక్కువ బండి తీయనప్పుడు ట్యాపు కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయి ఇంజిన్ ఆగేదాకా నడపడం అలవాటు చేసుకోండి.

పాయింట్లను (ప్లగ్గులో నిప్పురవ్వ సరైన సమయానికి పుట్టించే చిన్న స్విచ్చు) సన్న ఎమరీ కాగితంతో రుద్ది గ్యాపు 0.4 ఎంఎం దగ్గర పెట్టండి, ప్లగ్గుకు 0.6 చాలు. కండెన్సర్ కొత్తది వేయండి, పాతది బాగున్నట్టే ఉండి వేడెక్కాక మొరాయిస్తుంది. కేబుళ్లన్నీ ఒకేసారి మార్చండి. సైలెన్సర్‌లో మసి గడ్డ కట్టి ఉంటుంది, అది మూసుకుపోతే కొత్త పిస్టన్ వేసినా బండి లాగదు.

సామాన్లకు తిరుపతిలో పాత స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో అడగండి, దొరకనివి చెన్నై పుదుపేటలో దొరుకుతాయి. పాత ముక్కను చేతిలో పట్టుకెళ్లండి. ఆన్‌లైన్‌లో వెతికితే 2020లో వచ్చిన ఎలక్ట్రిక్ చేతక్ సామాన్లే ముందు కనిపిస్తాయి, మోడల్ చూసుకుని కొనండి. విప్పిన పాత భాగాలు ఒక్కటి కూడా పాత ఇనుముకు వేయొద్దు. మా బండి అసలు హెడ్‌లైట్ రిమ్మును పనికిరాదనుకుని ఇచ్చేశాను. దాని బదులు కొన్న డూప్లికేట్ రిమ్ము ఇప్పటికీ సరిగ్గా కూర్చోవడం లేదు.

కాగితాల సంగతి బండి విప్పకముందే చూసుకోండి. పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఆర్‌సీ రెన్యువల్‌కు ఫారం 25 పెట్టాలి, బండిని చూపించాలి. మీ నాయన గారు కాలం చేసి ఉంటే పేరు మార్పుకు ఫారం 31. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి దాచండి, టింకరింగ్ వాళ్లకు ఆ చోట పుట్టీ పెట్టొద్దని గట్టిగా చెప్పండి. రంగు మార్చితే ఆర్‌సీలో ఎక్కించాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ యాభై ఏళ్లు దాటిన బండ్లకే, మీ దానికి ఇంకా టైముంది.

ఖర్చు మొత్తం నాకు 38 వేల దాకా అయింది. అందులో 15 వేలు రెండోసారి చేసిన పనికే పోయింది. సీళ్లు రెండూ కలిపినా కొన్ని వందల రూపాయలు దాటవు. పైన పటారం లోన లొటారం అన్నట్టు రంగు వేసి, వందల్లో పోయేదాన్ని వేలల్లోకి తెచ్చుకున్నాను. అందుకే మీరు మొదట ఇంజిన్ చేయండి. తుప్పు బాడీతోనే కనీసం రెండు నెలలు నడపండి. ఇంకేమీ విప్పాల్సిన పని లేదని తేలాక ఫుట్‌బోర్డు మ్యాటు కింద తుప్పు కోసి రేకు వెల్డింగు చేయించి, తుప్పు పట్టకుండా అడుగున రెడ్ ఆక్సైడ్ కొట్టించి, అప్పుడు రంగు.

పెట్రోలు లీటరుకు 2టీ 20 ఎంఎల్ లెక్క. మొదటి ట్యాంకుకు నేను లీటరుకు 30 ఎంఎల్ చొప్పున పోశాను, కొంచెం పొగ వచ్చినా పర్వాలేదు. తొలి 500 కిలోమీటర్లు 40 స్పీడు దాటలేదు. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ప్లగ్గు విప్పి కొన చూడండి. ఇటుక పొడి రంగులో ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. తెల్లగా సున్నం రాసినట్టు ఉంటే గాలి ఎక్కడి నుంచో వస్తోంది, బండి తీయకండి. ప్లగ్గు ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.