ఏటివైపు కిటికీ

ధవళేశ్వరం

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ల్యాప్‌టాప్‌కు సిమ్ వేసిన యూఎస్‌బీ మోడెం పెడితే తెర మీద సీడీ బొమ్మ వస్తోంది తప్ప ఇంటర్నెట్ రావడం లేదని, లైనక్స్ తీసేసి విండోస్ వేయించమంటారా అని అడిగావు. వద్దు తల్లీ. నీ ల్యాప్‌టాప్‌కు ఏ లోపమూ లేదు. ఆ సీడీ బొమ్మే అసలు సంగతి చెబుతోంది.

ఇలాంటి మోడెంలలో విండోస్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను లోపలే పెట్టి అమ్ముతారు. అందుకే యూఎస్‌బీలో పెట్టగానే అది తాను సీడీ డ్రైవునని కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. విండోస్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కాక, వేషం మార్చి మోడెంగా రమ్మని దానికి ఒక ఆజ్ఞ వెళుతుంది. లైనక్స్‌లో ఆ ఆజ్ఞ పంపేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం. అది లేకపోతే మోడెం ఎంతసేపయినా సీడీగానే ఉండిపోతుంది. నీకు డెబియన్ అనే లైనక్స్ వేసినప్పుడు దాన్ని నేను వేయలేదు. నాన్న ఫోనుతోనే పని గడుస్తుందని అప్పుడు అనుకున్నాను. ఆయన ఫోను రోజంతా రొయ్యల చెరువు దగ్గరే ఉంటుందని ఆలోచించలేదు.

ఇంటర్నెట్ తెప్పించే ప్రోగ్రాం దించుకోవడానికే ఇంటర్నెట్ కావాలి గనుక, రాత్రి నాన్న ఇంటికి వచ్చాక ఆయన ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్‌ను ఫోనులో ఆన్ చెయ్యి. దానికి ఏ అదనపు ప్రోగ్రామూ అక్కర్లేదు. ఆ పది నిమిషాల్లో యూఎస్‌బీ మోడ్‌స్విచ్, దాని డేటా ప్యాకేజీ, మోడెంను నడిపే మోడెం మేనేజర్ మూడూ వేసుకో. తర్వాత ఫోను తీసేసి, ల్యాప్‌టాప్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, అప్పుడు మోడెం పెట్టు.

పెట్టిన వెంటనే ఏదీ నొక్కకు. మోడెం మేనేజర్ దాన్ని పలకరించి గుర్తుపట్టడానికి అర నిమిషం దాకా పడుతుంది. ఈలోపు తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తే ప్రతిసారీ పని మొదటికొస్తుంది.

కాలువల శాఖలో పనిచేసిన రోజుల్లో, శివారు చేనుకు నీరు అందలేదని రైతు వస్తే మేము లాకు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తూము చూసుకుంటూ బోదె వెంబడి కిందికి నడిచేవాళ్లం. నీరు ఎక్కడ ఆగిందో తేలకుండా ఎక్కడా గడ్డపార వేసేవాళ్లం కాదు. నువ్వూ అలాగే నడువు.

మొదట, ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని, అన్నీ చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టు. ప్రతి పరికరానికీ ఒక వరుస వస్తుంది. అందులో రెండు చుక్కలకు అటూ ఇటూ రెండు సంఖ్యలుంటాయి. మొదటిది తయారీదారుది, హువావే అయితే 12డీ1. రెండోది ఆ పరికరం ఇప్పుడు ఏ రూపంలో ఉందో చెబుతుంది. నా పాత ఇ173 సీడీగా ఉన్నప్పుడు 1446 అని, మోడెంగా మారాక 1436 అని చూపేది. నీ దాంట్లో అంకెలు వేరుగా ఉంటాయి. మోడెం పెట్టగానే ఒకసారి, నిమిషం ఆగి ఒకసారి కొట్టి చూడు. రెండో సంఖ్య మారితే ఈ తూము దాటినట్టే.

కొన్ని 4జీ మోడెంలు మారాక మోడెంగా కాక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తాయి. అప్పుడు మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ మెనూలో ఎంత వెతికినా ఏమీ దొరకదు, చాలామంది ఇక్కడే నిరాశపడతారు. నీది హువావేవాళ్ల హైలింక్ రకమైతే బ్రౌజర్‌లో 192.168.8.1 అని కొట్టు. దాని పేజీ తెరుచుకుంటుంది, మిగిలిన పనంతా అక్కడే.

సిమ్ పిన్ అడిగితే ఊహించి కొట్టకు. మూడుసార్లు తప్పితే సిమ్ తాళం పడి పీయూకే సంఖ్య అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. కనెక్షన్ సెట్టింగుల్లో, సిమ్ కంపెనీ ఇంటర్నెట్ ద్వారం పేరు రాసే ఏపీఎన్ గడిలో జియో సిమ్‌కు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, కలిపి రాయి. నీ మోడెం 4జీదో కాదో దాని వెనుక ఉన్న చీటీ చూడు. జియోకు 2జీ, 3జీ ఎన్నడూ లేవు, కాబట్టి 3జీ మోడెంలో ఆ సిమ్ వేస్తే ఏం చేసినా కలవదు. ఒక కంపెనీ పేరుతో అమ్మిన మోడెం వేరే కంపెనీ సిమ్‌ను ఒప్పుకోకపోవచ్చు కూడా.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఒక శ్రావణమాసంలో మీ ఇంట్లోనే, తోటవైపు గదిలో కూర్చుని మోడెం వాడాను. కలిసేది, నాలుగైదు నిమిషాలకు తెగేది. రాత్రంతా సెట్టింగులు మార్చాను. తెల్లవారాక, పరికరాల గురించి లైనక్స్ రాసుకునే సందేశాలను చూపే డీమెసేజ్ ఆజ్ఞ కొట్టి చూశాను. దాన్ని డీ, ఎం, ఇ, ఎస్, జీ అని అయిదు అక్షరాలతో కొడతారు, అధికారం ఇచ్చే సుడో అనే మాటను ముందు చేర్చాలి. ప్రతిసారీ తెగే ముందు యూఎస్‌బీ పరికరం ఊడిపోయిందని అందులో రాసి ఉంది. నేను ఊడదీయలేదు. కరెంటు చాలక మోడెమే పడిపోయి మళ్లీ లేస్తోంది.

సిగ్నల్ బలహీనంగా ఉంటే మోడెం టవర్‌కు వినబడాలని ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. అప్పుడే దానికి కరెంటు ఎక్కువ కావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. నేనేమో దాన్ని మౌసుతో, పెన్‌డ్రైవుతో కలిపి ఒక చిన్న హబ్బుకు పెట్టాను. పైగా గది బయటంతా కొబ్బరితోట. వానకు తడిసిన మట్టలు సిగ్నల్‌ను మింగేస్తాయి. మోడెంను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఏటివైపు కిటికీ దగ్గర కూర్చున్నాక ఒక్కసారీ తెగలేదు. ఏటిగట్టు దాటితే టవర్ దాకా అడ్డమేదీ లేదు కదా.

కాబట్టి ఆ కిటికీ దగ్గరే బల్ల వేసుకో. మోడెంను ఇంకాస్త ఎత్తులో పెట్టాలంటే మీటరు పొడవున్న మందపాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ చాలు, సన్నటి పొడుగు తీగ మాత్రం కొనకు. సిగ్నల్ ఎంతుందో ఎంఎంసీఎల్ఐ ఆజ్ఞ శాతాల్లో చెబుతుంది. కిటికీలో అటూ ఇటూ జరిపి, అంకె పెరిగిన చోట దారంతో కట్టెయ్యి. ఉప్పుగాలికి మోడెం మొన పచ్చబారకుండా, వాడనప్పుడు మూత పెట్టి ఉంచు.

అన్నీ సరిగా ఉండి పేజీలు మాత్రం తెరుచుకోకపోతే టెర్మినల్‌లో పింగ్ 8.8.8.8 కొట్టు, అది గూగుల్‌వాళ్ల డీఎన్ఎస్ సర్వరు చిరునామా. జవాబు వస్తే దారి ఉన్నట్టే, పేర్లు వెతికే డీఎన్ఎస్ దగ్గర చిక్కుంది. కనెక్షన్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర ఆ 8.8.8.8నే రాయి.

ఇంత చేసినా కలవకపోతే, మోడెం పెట్టిన నిమిషం తర్వాత డీమెసేజ్ చివర కనిపించే ఇరవై వరుసలను నాన్న ఫోనుతో ఫోటో తీసి పంపు. నువ్వు ఏం మార్చావో కూడా రాయి. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య