చిన్నోడా, ముందు ఆవిణ్ణి అడుగు

ఒరేయ్ చిన్నోడా,

నీ వాట్సాప్ మెసేజ్ మా కోడలు చదివి వినిపించింది. జూలై 26న మీ స్కూలు దగ్గర కార్గిల్‌లో పోయిన అబ్బాయి విగ్రహం పెడుతున్నాం, వాళ్లావిణ్ణి పిలిచి శాలువా కప్పుతాం, ఎలా చేస్తే బాగుంటుంది మామ్మా అన్నావు. ఇలాంటి స్టేజీలు నేను చాలానే ఎక్కాను కాబట్టి చెబుతున్నా, కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకు.

విగ్రహం సంగతి తర్వాత. ఆవిణ్ణి అడిగారా? కార్డు ఇచ్చి రావడం కాదు, వెళ్లి కూర్చుని, టీ ఇస్తే తాగి, ఏం చేస్తే మీకు బాగుంటుందమ్మా అని అడగాలి. పాతికేళ్లు దాటిపోయింది, ఆవిడకి స్టేజీ ఎక్కడమే ఇష్టం లేకపోవచ్చు, అలాగైతే బలవంతపెట్టొద్దు. మళ్లీ పెళ్లి చేసుకుని ఉన్నా పిలవాల్సింది ఆవిడనే, ఎవరన్నా గొణిగితే నా పేరు చెప్పు. ఆ అబ్బాయి తల్లి కూడా ఉంటే ఇద్దరికీ పక్కపక్కన కుర్చీలు వెయ్యండి. దండ ముందు ఎవరికి అన్న దగ్గర మొదలైన గొడవలు ఏళ్ల తరబడి సాగడం నేను చూశాను.

మీ తాతయ్య పోయింది 1971 డిసెంబరులో, పాకిస్తాన్ యుద్ధంలో. మద్రాస్ సాపర్స్, అంటే ఆర్మీలో ఇంజనీర్ల దళం. షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి మందుపాతరలు తీసి దారి చేసే పని. సెలవు మీద వచ్చినప్పుడు చేను గట్టు మీద నడిచినా చేతిలో పుల్లతో నేల పొడుచుకుంటూ నడిచేవారు, నేను నవ్వేదాన్ని. అప్పట్లో మనిషిని ఇంటికి తెచ్చేవాళ్లు కాదు, ఎక్కువమందికి అక్కడే దహనం చేసేసేవారు. కార్గిల్ అప్పుడు జెండా కప్పి పెట్టెలో ఊళ్లకి తీసుకొచ్చారు, ఊరంతా కళ్లారా చూసింది. నాకు మాత్రం ముందు టెలిగ్రాం, తర్వాతెప్పుడో నల్ల ట్రంకు పెట్టె. అందులో షేవింగ్ సెట్టు, స్వెట్టరు, నేను రాసిన ఇన్‌లాండ్ లెటర్లు దారంతో కట్టి. మనిషిని చూడలేదు కదా, చాలా ఏళ్లు రాత్రిపూట గేటు చప్పుడైతే లేచి కూర్చునేదాన్ని.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక సభలో నన్ను స్టేజీ ఎక్కించి వీరనారి అని మైకులో మూడుసార్లు అన్నారు, చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక ఒక పిల్ల కుంకుమ భరిణె పట్టుకుని వరసగా అందరికీ బొట్టు పెడుతూ వస్తోంది. నా దగ్గరికి వచ్చి వేలు కుంకుమలో ముంచింది కూడా. వెనకనించి ఎవరో సైగ చేశారు కాబోలు, ఆ వేలు అలాగే పక్కావిడ నుదుటికి వెళ్లిపోయింది. శాలువా ఏ రంగో నాకిప్పుడు గుర్తులేదు గానీ ఆ వేలు గుర్తుంది. మీ దగ్గర భరిణె పట్టుకునే పిల్లకి ముందే చెప్పి పెట్టు, మొదటి బొట్టు ఆవిడకే అని. ఆవిడ వద్దంటే అది వేరే సంగతి.

మంత్రిగారు పదకొండింటికి వస్తారని పిల్లల్ని ఎనిమిది నుంచి ఎండలో నిలబెట్టొద్దు. అనుకున్న టైముకి జెండా ఎగరెయ్యండి, వచ్చినవాళ్లు వచ్చినప్పుడు దండ వేసుకుంటారు. ఇళ్లస్థలం ఇస్తాం, రోడ్డుకి పేరు పెడతాం అని ఎవరైనా మైకులో అనబోతే కాగితం చేతిలో ఉందా అని అడుగు, లేకపోతే అననివ్వకు. ఆవిడ పెన్షన్ ఎంత అన్న మాట అసలు రానివ్వొద్దు. యుద్ధంలో పోయినవాళ్ల భార్యకి ఆఖరి జీతం ఎంతో అంత పెన్షన్ ఇస్తారు, అది ఊరి లెక్క కాదు.

పలక మీద నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు, పోయిన చోటు, తేదీ చెక్కించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, ఆవిడ దగ్గరున్న కాగితాలతో పోల్చి చూసుకున్నాకే రాయి మీదికి ఎక్కించండి, తప్పు పడితే తుడవడం కుదరదు. నంబరెందుకు అంటావేమో. 2019లో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు కదా, తర్వాత మా అబ్బాయి నన్ను తీసుకెళ్లాడు. గుండ్రంగా గోడలు, ఒక్కో రాయికి ఒక్కో పేరు, వేలకి వేలు. నాకు ఇంగ్లీషు రాదు. ఆ నంబరు మాత్రం వచ్చు, ప్రతి ఉత్తరం మీదా 56 ఏపీవో అని ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు రాసేముందు రాసిందే కదా. మా అబ్బాయి ఇంకా వెతుకుతున్నాడు, నేనే పట్టుకున్నా. పొద్దంతా ఎండలో ఉన్న రాయి, సాయంత్రానికీ వెచ్చగా ఉంది. అక్కడ రోజూ సాయంత్రం పోయినవాళ్ల ఇంటివాళ్ల చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. విగ్రహం ఒక అడుగు తగ్గించి ఆ డబ్బుతో ఆవిణ్ణి, పిల్లల్ని అక్కడికి పంపగలరేమో చూడు, నా ఓటు దానికే.

ఇంకొకటి. మాట్లాడేవాళ్లు దేశం కోసం ప్రాణాలర్పించాడు అని మాత్రమే అంటే అది ఎవరికైనా అతికే మాట. అతనితో చదువుకున్నవాళ్లని ఒకరిద్దరిని వెతికి మైకివ్వు. చెరువులో ఈత నేర్పాడనో, లెక్కల్లో కాపీ కొట్టి దొరికాడనో చెప్పనీ. నవ్వు వస్తే రానీ, ఆవిడే ముందు నవ్వుతుంది చూడు.

జూలై అయిపోయాక కూడా వెళ్లు. నవంబరులో పెన్షన్‌కి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫోన్‌లో అయిపోతుందంటారు గానీ ఏ ఏడూ ఆ ఫోన్ నా ముఖం గుర్తు పట్టదు, ఆ టెన్షన్ నీకేం తెలుసు. ఆ పనికి ఒకళ్లు తోడు వెళ్తే చాలు.

నేనూ వస్తా. బస్టాండుకి ఎవరినైనా పంపు, ఆటో అయితే మంచిది, వ్యాను మెట్టు ఎక్కలేను. ఆవిడ ఏమందో రేపే అడిగి ఫోన్ చెయ్యి, తొమ్మిది లోపు, తర్వాత నిద్రపోతా.

మీ మామ్మ