మస్టాంగ్ కొనే ముందు దాని కింద దూరి చూడు

చిరంజీవి కార్తీక్‌కు,

బాబాయి ఆశీస్సులు. ఫోర్డ్ వాళ్ళ పాత మస్టాంగ్ కారు కొంటానన్న నీ మెసేజ్ చూశాను. సరదా పడ్డావు, కొనుక్కో. కానీ నువ్వు పంపిన ఫొటోలన్నిట్లో రంగే తప్ప కారు అడుగు ఒక్కదాంట్లోనూ లేదు. మన మిషిగన్‌లో కారు కిందనుంచే కుళ్ళుతుంది. చలికాలమంతా రోడ్లమీద ఉప్పు చల్లుతారు కదా, ఆ నీళ్ళు రేకు మడతల్లో చేరి ఓ పట్టాన ఆరవు. చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు మంచుని కరిగించలేదని కాల్షియం క్లోరైడ్ కూడా వాడతారు. అదైతే గాల్లో తేమని కూడా లాక్కుంటుంది. డెట్రాయిట్ కిందే పెద్ద ఉప్పు గని ఉంది. కార్ల ఊరికి ఇదేం చోద్యమో!

పొడి ఎడారి రాష్ట్రాలైన అరిజోనా, న్యూ మెక్సికోల నుంచి తెప్పించుకోమని అందరూ చెప్తారు, నేనూ అదే అంటాను. ఆ ఎండకి డాష్‌బోర్డు పగిలి, సీట్లు చిట్లి, తలుపుల రబ్బర్లు బిరుసెక్కి ఉంటాయి. దానికి బెదరకు, మస్టాంగ్‌కి అవన్నీ కొత్తవి దొరుకుతాయి. జేబుకి చిల్లు పెట్టేది రేకు కోసి వెల్డింగ్ చేసే కూలీ. 1965, 66 మోడళ్ళ సీరియల్ నంబర్లో రెండో స్థానంలో ఉన్నది ఆర్ అనే అక్షరమైతే బండి శాన్ హోజేలో తయారైనట్టు, ఎఫ్ అయితే మన డియర్‌బోర్న్‌లో. అది పుట్టిన ఊరే చెబుతుంది, కాపురం ఎక్కడ చేసిందో చెప్పదు. అందుకే పాత సర్వీసు బిల్లులు అడుగు.

ఇక్కడి కార్లనీ కొట్టిపారెయ్యకు. ఏటా చలికాలం గరాజ్ దాటించకుండా చూసుకున్న పెద్దవాళ్ళున్నారు. ఆగస్టులో జరిగే పాత కార్ల ఊరేగింపు, అదే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వెళ్ళి, కుర్చీలేసుకుని కూర్చున్న వాళ్ళని పలకరించు. అమ్మే మనిషి ఆనుపానులు వాళ్ళకే తెలుస్తాయి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓ సీసా నీళ్ళు, టార్చి, పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకెళ్ళు. ముందు అద్దం కిందున్న గాలి జల్లెడలో, అదే కౌల్‌లో, నిదానంగా నీళ్ళు పోసి, లోపల డాష్ కింద తివాచీ ఎత్తి చెయ్యి పెట్టు. తడి తగిలిందా, మస్టాంగ్‌కి అసలు రోగం అదే. ఆ భాగం విప్పాలంటే స్పాట్ వెల్డింగులన్నీ ఊడదియ్యాలి. సగం ధరకిచ్చినా ఆలోచించుకో. వెనక చక్రాల పైనా, తలుపుల అడుగునా అయస్కాంతం పట్టకపోతే లోపల లప్పం ఉన్నట్టే. పైకప్పుకి వినైల్ తొడుగు ఉంటే అది బుడగలు లేచిందేమో తడిమి చూడు. ఈ బండికి వేరే చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. కాబట్టి లిఫ్ట్ మీద ఎక్కించి బాడీ అడుగున అతికిన ఇనుప దూలాలనీ (ఫ్రేమ్ రెయిల్స్), ముందు చక్రాల వెనక పెట్టెల్లా ఉండే టార్క్ బాక్సులనీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. అడుగున కొత్తగా నల్ల పూత పూసి ఉంటే నాకు మహా అనుమానం. ఎందుకు పూశారో అడుగు, తడబడితే వచ్చెయ్.

దూరం నుంచి తెప్పిస్తే ఏప్రిల్‌లో నాలుగు మంచి వానలు పడి రోడ్డుమీద ఉప్పు కొట్టుకుపోయాకే లారీ ఎక్కించమను. గరాజ్‌లో ప్లాస్టిక్ పట్టా కప్పకు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గుడ్డ కవరే మేలు.

బేరం ఆడే ముందు కారు అడుగుభాగం ఫొటోలు నాకు పంపు.

మీ బాబాయి