రీడ్లకు చిలుము పడితే: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కొత్తపట్నం రామాలయం హార్మోనియం ఫొటోలు చూశాను. ఉప్పుగాలికి పెట్టె లోపలంతా చిలుము పట్టింది గానీ, పెట్టె పోలేదు. ఈ కార్తీకం ముసురులో మాత్రం విప్పొద్దు. సంక్రాంతి దాటి గాలి పొడిబారాక మొదలుపెట్టు.

42 మెట్లు, రెండు వరసలు అంటే 84 రీడ్లు, అంటే గాలి తగిలితే పలికే ఇత్తడి ముక్కలు. ఒక్కోదానికి రెండు స్క్రూలు. ముందే అట్టముక్క మీద రెండు వరసలూ గీసి అంకెలు వెయ్యి. ఊడదీసిన రీడునీ దాని స్క్రూలనీ అదే గడిలో గుచ్చు. రీడు మీద కొట్టిన అక్షరాన్ని నమ్మకు, ఇదివరకు ఎవరైనా మార్చి ఉండొచ్చు.

బిగుసుకున్న స్క్రూకి కిరోసిన్ పొయ్యకు. చెక్క, తోలు పీల్చేస్తాయి, తర్వాత జిగురు పట్టదు. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌ను అర నిమిషం స్క్రూ తల మీద ఆనించి, చల్లారాక ముందు ఒక వెంట్రుకవాసి బిగించు, ఆ తర్వాత వదులు చెయ్యి. తుప్పు పట్టిన ఇనుప స్క్రూలను రాత్రంతా వెనిగర్‌లో ఉంచి, వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టు. ఇత్తడివి అందులో కలపకు.

ఇక అసలు సంగతి రీడు. ఫ్రేముకి ఒక చివర రివెట్టుతో బిగించి, గాలికి అదిరే పలచటి రేకునే నాలుక అంటాం. దాన్ని చింతపండుతోనో బ్రాసోతోనో తళతళలాడించాలని చూడకు. చింతపండు పులుపు ఇత్తడిలోని జింకును లాగేస్తుంది, అందుకే ఎర్రబారుతుంది. పాలిష్‌లో అమ్మోనియా ఉంటే పలచటి నాలుక పగుళ్లు తీసే ప్రమాదం ఉంది. పైగా ఆ తెల్లపొడి సందులో చిక్కుకుంటుంది. రీడు నల్లగా ఉన్నా పలికితే చాలు.

సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ల దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. మెత్తటి బ్రష్‌ను అందులో ముంచి, రివెట్టు వైపు నుంచి కొస వైపుకే తుడువు. ఎదురు తుడిస్తే నాలుక లేచిపోతుంది. పలచటి కాగితం ముక్కను నాలుక కిందకి దూర్చి మెల్లగా లాగితే సందులో నుసి వచ్చేస్తుంది. తర్వాత రీడును వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడు. నాలుకకి రెండు పక్కలా సన్నటి గీత సమానంగా కనపడాలి. కొస ఫ్రేముకన్నా కాస్త పైకి ఉంటుంది. అది వంకర అనుకుని నొక్కితే ఇక ఆ రీడు పలకదు.

పచ్చ చిలుము గట్టిగా పేరుకున్న ఫ్రేములకి మాత్రం గ్లాసుడు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, రెండు నిమిషాలకి మించకుండా ముంచు. సోడా నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో రెండుసార్లు జాడించు. మన బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లపొర కడతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడు.

మెట్ల కింది స్ప్రింగులను కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసిన గుడ్డతో తుడిస్తే సరి. మెట్టు కదిలే పిన్నులకి నూనె తగలనివ్వకు, పెన్సిల్ ముల్లు రుద్దు.

బిగించేటప్పుడు రంధ్రం వదులైతే అగరుబత్తి పుల్ల చీలికకి ఫెవికాల్ పూసి దింపు. స్క్రూ మరలకి సబ్బు రాస్తారు కొందరు, అది చెమ్మ పట్టి మళ్లీ తుప్పు తెస్తుంది. కొవ్వొత్తి మైనం రాయి. రెండు స్క్రూలనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పు. ఒకదాన్ని ఒక్కసారే బిగిస్తే ఫ్రేము వంగి, నాలుక పక్కకి తగిలి జరజరమంటుంది.

మురికి పోయాక కొన్ని స్వరాలు కాస్త పైకి పోతాయి, కంగారుపడి ఆకురాయి పట్టకు. కొస గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది, గీకింది మాత్రం తిరిగి రాదు. వారం రోజులు వాయించనిచ్చి అప్పుడు చూద్దాం.

నువ్వు చెప్పిన మూడో నల్లమెట్టు రీడు ఉన్నట్టుండి కిందికి దిగిందంటే నాలుక మొదట్లో పగులు ఉండొచ్చు. అలాంటిది శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే. రివెట్టు దగ్గరగా, పక్కవెలుతురులో ఒక ఫొటో తీసి పంపు.

మీ మామయ్య