సముద్రపు మంచు పలచబడుతుంటే ఆర్కిటిక్ ప్రాంతపు మూలవాసులైన ఇన్యూట్ ప్రజలు దాని మీద ఎలా ప్రయాణిస్తున్నారు?

పెద్దల అనుభవాన్ని వదలకుండా, దానికి సెన్సర్లు, మ్యాపులు తోడు చేసుకుని, దారులూ వేట కాలాలూ మార్చుకుంటూ ప్రయాణిస్తున్నారు. కెనడాలోని నునావుట్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. చలికాలంలో గడ్డకట్టిన సముద్రమే వాళ్ల రోడ్డు. సీల్ వేటకు వెళ్లేదీ దాని మీదే. ఇప్పుడది ఆలస్యంగా గడ్డకట్టి, త్వరగా విరిగిపోతోంది. పైకి తెల్లగా, గట్టిగా కనిపించే చోటే ప్రమాదం పొంచి ఉండొచ్చు. మంచుగడ్డ మీద పడిన మెత్తటి మంచు దుప్పటిలా కప్పేసి చలిని లోపలికి దిగనివ్వదు, దాంతో గడ్డ మందంగా కట్టదు. అడుగున ప్రవాహం గడ్డను అరగదీస్తుంది. అందుకే వేటగాళ్లు ఇప్పటికీ ఇనుప మొన ఉన్న కర్రతో ముందు పొడిచి చూశాకే అడుగు వేస్తారు.

ఉదాహరణకు నునావుట్‌లోని పాండ్ ఇన్‌లెట్ అనే ఊళ్లో స్మార్ట్‌ఐస్ సంస్థ దగ్గర శిక్షణ పొందిన స్థానికులు మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి వెనక స్లెడ్జి మీద సెన్సర్ పెట్టి లాక్కెళ్తూ మంచు మందం కొలుస్తారు. ఎక్కడ కొలవాలో చెప్పేది మాత్రం ఆ ఊరి పెద్దలూ వేటగాళ్లే.

మంచు తగ్గితే పడవల్లో హాయిగా తిరగొచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మనిషి బరువు మోయలేనంత పలచగా, పడవ దారి చేసుకోలేనంత మందంగా మంచు ఉండే రోజులుంటాయి. అప్పుడు వేట ఆగిపోతుంది. దుకాణంలో తిండి సరుకుల ధరలు మండిపోతుంటాయి కాబట్టి ఇంటిల్లిపాదికీ అదే టెన్షన్.